నాన్న చెప్పిన కథే చెప్తారు, ప్రతిసారీ కొంచెం మార్చి: జబ్బా, అబద్ధమా, వయసా?

నీ ప్రశ్న మూడుసార్లు చదివానమ్మా. మీ నాన్నగారికి 72 ఏళ్లు. చిత్తూరులో ఒక్కరే ఉంటారు, నువ్వు బెంగుళూరు నుంచి రెండు వారాలకోసారి వచ్చి చూసి పోతావు. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారో లేదో ఆయనకు గుర్తుండదు. 1968లో కాణిపాకం దగ్గర బాహుదా ఏరు పొంగితే సైకిలు భుజాన వేసుకుని దాటిన కథ మాత్రం నువ్వు వచ్చిన ప్రతిసారీ చెప్తారు. నీళ్లు ఒకసారి మోకాళ్ల దాకా ఉంటాయి, ఒకసారి గొంతు దాకా. ఒకసారి స్నేహితుడు వెంట ఉంటాడు, ఒకసారి ఉండడు. "ఇది జబ్బు మొదలవడమా, కావాలని పెంచి చెప్పడమా? వయసుతో వివేకం వస్తుందంటారే, అది ఎక్కడ?" అని అడిగావు.

ముందు నేనెవరో చెప్పాలి. డాక్టరును కాను. తిరుపతి వాణ్ణి, 75 నడుస్తోంది. 31 ఏళ్లు కొండ బస్సు నడిపాను. రిటైరయ్యాక మా అన్నకు మతిమరుపు జబ్బు వస్తే ఆరేళ్లు చూసుకున్నాను. మా కోడలు సైకాలజీ చదివిన పిల్ల. అన్న ఎందుకట్లా చేస్తున్నాడని నేను సతాయిస్తుంటే రాత్రిళ్లు అన్నం దగ్గర కూర్చుని తన పుస్తకాల్లోది తెలుగులో చెప్పేది. నా దగ్గరున్న చదువు ఇంతే. నా మనవరాలి ఈడుదానివి అనిపించి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోవద్దు.

అబద్ధం సంగతి ముందు తేల్చేద్దాం. మీ నాన్న అబద్ధం చెప్పడం లేదు. ఇంత గట్టిగా ఎట్లా అంటానంటే, నేనూ అదే పని ముప్పై ఏళ్లు చేశాను కాబట్టి.

1979 జులైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం మన నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు వణికాయి. ఎట్లాగూ పోతాం కదా అని ఉన్న కోళ్లూ పొట్టేళ్లూ కోసుకు తిన్నవాళ్లున్నారు. చివరికి జులై 11న అది ముక్కలై కొంత హిందూ మహాసముద్రంలో, కొంత ఆస్ట్రేలియా పడమటి నేల మీద పడింది. మనకు ఒక్క మేకు కూడా రాలలేదు. ఆ రాత్రి నేను పాకాలలో మా అత్తగారింటి మిద్దె మీద ఆకాశం చూస్తూ పడుకున్నానని, నా ఎద మీద మా పెద్దోడు నిద్రపోతున్నాడని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఒకరోజు మా ఆవిడ బియ్యంలో రాళ్లేరుతా తలెత్తకుండానే అంది: "పెద్దోడు పుట్టింది సెప్టెంబర్లో కదయ్యా. జులైలో నీ ఎద మీదికి యాణ్నుంచి వచ్చినాడు?"

జనన పత్రం తీసి చూశాను. 1979 సెప్టెంబరే. ఆమె చెప్పిందే నిజం. కానీ ఇప్పుడు కళ్లు మూసుకున్నా వాడి తల బరువు నా ఎద మీద తెలుస్తోంది. చెరిపేద్దామన్నా చెరగదు.

ఇది ముసలివాళ్లకే వచ్చే రోగం కాదని మా కోడలు చెప్పింది. 1986 జనవరిలో అమెరికాలో చాలెంజర్ అనే రోదసి నౌక గాల్లోనే పేలిపోయింది. ఆ మర్నాడే అల్రిక్ నైసర్ అనే ప్రొఫెసరు తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ విన్నారో, ఎవరు చెప్పారో, అప్పుడు ఏం చేస్తున్నారో రాయించి దాచిపెట్టాడు. రెండేళ్లు దాటాక అవే ప్రశ్నలు మళ్లీ అడిగాడు. చాలామంది జవాబులు పాత కాగితంతో కలవలేదు. తమ చేతిరాతే ఎదురుగా పెట్టినా కొందరు కొత్త జ్ఞాపకాన్నే నమ్మారు తప్ప కాగితాన్ని నమ్మలేదు. వాళ్లంతా ఇరవై ఏళ్ల పిల్లలు.

గుర్తు తెచ్చుకోవడమంటే బీరువాలో మడతపెట్టిన చీర తీయడం లాంటిదని మనం అనుకుంటాం. అది దోసె పోయడం లాంటిది. పెనం అదే, పిండి అదే, దోసె మాత్రం ఆ పూటది. ఎదురుగా కూర్చున్నది ఎవరో, వాళ్లు ఎంత ఆశగా వింటున్నారో, దాన్నిబట్టి నూనె పడుతుంది. పైగా ఈ పూట పోసిన దోసె రుచి రేపటి పిండిలో కలిసిపోతుంది. బాహుదాలో నీళ్లు మోకాళ్ల నుంచి గొంతుకు ఎక్కింది అట్లాగే.

ఇప్పుడు నా అసలు కథ చెప్తాను. ఇది చెప్పడానికి రొంత సిగ్గుగా ఉంది, అయినా చెప్పకపోతే నీకు జవాబు పూర్తి కాదు.

తిరుమల నుంచి దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. 19 కి.మీ. పొడవు, 36 మెలికలు. ఎక్కే దారి తర్వాత 1974లో వచ్చింది, దాంట్లో ఇన్ని మెలికలు లేవు. దిగేటప్పుడు బండిని బ్రేకు మీద దించకూడదు, గేరు మీద దించాలి. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకు పని మలుపు దగ్గరే. పెద్ద గేరులో వదిలేసి బ్రేకు తొక్కిపెట్టి వస్తే డ్రమ్ములో లైనింగు వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టు దొరకదు. అప్పుడు పక్కన ఆపుకుని దానంతట అది చల్లారేదాకా కూర్చోవాలి. తొందరపడి నీళ్లు కొడితే డ్రమ్ము పగులుతుంది. కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజే చెప్పే పాఠం ఇది.

1984 మే నెల, సాయంత్రం ట్రిప్పు, బస్సు కిక్కిరిసి ఉంది. నేను చెప్పుకునే కథ ఇట్లా ఉండేది: సగం దారి దిగాక పెడలు కింద తేడా నా కాలికి తెలిసింది. వెంటనే గేరు తగ్గించి, లోయ వైపు కాకుండా కొండ వైపుకు లాగి ఆపాను. కండక్టరు చేత చక్రాల కింద రాళ్లు పెట్టించాను. అందర్నీ దించి ముక్కాలు గంట చల్లారనిచ్చి, క్షేమంగా అలిపిరి చేర్చాను. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని అరుగుల మీద చెప్పానో. రిటైరైన రోజు మెళ్లో పూలదండతో కూడా ఇదే చెప్పాను. చప్పట్లు కొట్టారు.

2016లో స్నానాల గదిలో జారి చెయ్యి బెణికితే పుత్తూరు కట్టుకు పోయాను. అక్కడ వరసలో కూర్చుని ఉంటే ఆనాటి కండక్టరు కనిపించాడు, మోకాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. టీ తాగుతూ చుట్టూ ఉన్నవాళ్లకు నా కథ మొదలుపెట్టాను, సాక్షి పక్కనే ఉన్నాడు కదా అని ఇంకా ఊపుగా. అతను చివరి దాకా విని అన్నాడు.

"అన్నా, ఆ అవ్వను చెప్పవేం?"

"ఏ అవ్వ?"

"నీ వెనక సీట్లో కూచోలా? 'ఏందో కాల్తా ఉండాది నాయనా' అని మూడు తూర్లు చెప్పింది. నువ్వేమో 'నీ మూటలో కర్పూరం వాసనేలే అవ్వా, గమ్మున గోవిందా అనుకో' అంటివి. నాలుగో తూరి ఆమె లేచి నీ భుజం పట్టుకుని ఊపింది. అప్పుడు కదా నువ్వు నిలిపింది."

అంతటితో ఆగలేదు. "సెకండ్ షోకి పోవాలని టాపు గేరులో వస్తా ఉంటివి. నేను చెప్పబోతే నామీద కస్సుమన్నావు" అని కూడా అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాడివైపోయావు, నీకు మతి పోయింది అనేశాను. కట్టు కట్టించుకుని, సరిగ్గా మాట్లాడకుండానే బస్సెక్కాను. వడమాలపేట దాటాక నా కుడి భుజం మీద ఒక చెయ్యి పడినట్టనిపించింది. గాజులు లేని చెయ్యి, ఎముకల చెయ్యి. నిజంగా అప్పుడు గుర్తుకొచ్చిందో, అతను చెప్పింది విని నేనే అల్లుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఎద మీద పడుకోబెట్టుకున్న పిల్లోడి బరువును నమ్మి ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి కదా. కానీ అతను చెప్పిన దాంట్లో అతనికి ఏ లాభమూ లేదు. నేను చెప్పుకున్న దాంట్లో ప్రతి ముక్కా నాకు లాభమే. ఏది నిజమై ఉంటుందో చూసుకో.

ముప్పై రెండేళ్లు ఆ అవ్వ నా కథలోంచి దిగిపోయింది. నేను పనిగట్టుకుని దించలేదు. ప్రతిసారీ చెప్పేటప్పుడు నాకు అక్కర్లేని మనిషి ఒక అడుగు వెనక్కి జరుగుతూ పోయింది, అంతే.

పుత్తూరు వెళ్లొచ్చిన మరుసటి ఏడు చిత్తూరు నుంచి వదిన ఫోన్ చేసింది. మా అన్న అక్కడ బెల్లం మండీలో నలభై ఏళ్లు గుమస్తా. మణుగులు, కిలోలు, కమీషన్లు అన్నీ నోటి లెక్కే, కాగితం ముట్టేవాడు కాదు. "మీ అన్న ఏందో తేడాగా ఉండాడు నాయనా. పాలాయనకు నూరు రూపాయలిచ్చి చిల్లర ఎంత రావాలో తెలీక నిలబడిపోయినాడు" అంది. పుత్తూరు వెళ్లకముందు నేనైతే "వయసు వదినా, అదంతా మామూలే" అని ఫోన్ పెట్టేసేవాణ్ణి. ఆ గొంతు వినగానే నాకు "ఏందో కాల్తా ఉండాది" అనే మాటే వినిపించింది. మర్నాడు పొద్దున బస్సుకే చిత్తూరు పోయాను.

ఇక్కణ్నుంచి నీకు పనికొచ్చే సంగతులు. మామూలు మరుపుకూ జబ్బుకూ తేడా మా అన్నను చూశాక నాకు బాగా తెలిసింది. తాళం చెవి ఎక్కడ పెట్టానో అని వెతుక్కోవడం వయసు. తాళం చెవి చేతిలో పెట్టుకుని ఇది దేనికి అని చూడటం జబ్బు. ఎదురింటాయన పేరు నోటి చివర ఆడి, సాయంత్రానికి గుర్తుకు రావడం వయసు. మా అన్న కట్టమంచిలో ముప్పై ఏళ్లుగా ఉన్న తన వీధిలోనే తన ఇల్లు తెలియక చెరువు దాకా నడిచిపోయాడు. అలవాటైన పని తప్పడం ముఖ్యమైన గుర్తు: లెక్కలవాడికి లెక్క తప్పడం, వంట చేసే ఆమె చారులో ఉప్పు మూడుసార్లు వేయడం, తెలిసిన దారి తెలియకపోవడం. ఇంకో గుర్తు, మరిచిపోయానన్న సంగతే మనిషికి తెలియకపోవడం. మీ నాన్న "మాత్ర వేసుకున్నానో లేదో" అని తనే అనుమానపడుతున్నారని రాశావు. అది కొంచెం ధైర్యాన్నిచ్చే మాట. అయినా ధైర్యంతో సరిపెట్టుకోవద్దు, ఒకసారి చూపించు.

చూపించేటప్పుడు మొదట తేలిగ్గా సరిచేయగల కారణాలు వెతకమని అడుగు. మా అన్నను చూసిన డాక్టరు ముందు థైరాయిడ్, బి12, రక్తంలో సోడియం పరీక్షలు రాశాడు. శాకాహారులకు బి12 తగ్గుతుంది. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకూ తగ్గుతుంది. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు సోడియం తగ్గిస్తాయి, అప్పుడు మనిషి మందంగా, అయోమయంగా ఉంటాడు. నిద్రమాత్రలు, జలుబుకు మనంతట మనం కొనుక్కునే కొన్ని మాత్రలు ముసలివాళ్ల బుర్రను మసకబారుస్తాయి. మందులన్నీ ఒక సంచిలో వేసుకుని పోయి బల్ల మీద కుమ్మరించు, చీటీలు కాదు. భార్య పోయిన మగవాళ్లలో దిగులు కూడా మతిమరుపు వేషం వేసుకుని వస్తుంది. మీ అమ్మగారి సంగతి నువ్వు రాయలేదు, నేను అడగను.

చెవులు మాత్రం తప్పకుండా చూపించు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కూర్చిన నిపుణుల బృందం ఈ మతిమరుపు జబ్బుకు దారితీసే, మన చేతిలో ఉన్న కారణాలు 14 ఉన్నాయని చెప్పింది. అవన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు ఆపొచ్చట, లేదా వెనక్కి నెట్టొచ్చట. చెవుడు, చూపు మందగించడం, బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం అన్నీ అందులో ఉన్నాయి. మనవాళ్లు కళ్లజోడు పెట్టుకుంటారు గానీ చెవిలో మిషను అంటే పరువు పోయినట్టు చూస్తారు. వినపడని మాట గుర్తెట్లా ఉంటుంది?

ఒక్క విషయంలో ఆలస్యం చేయొద్దు. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు మూడు రోజుల్లోనే తికమకగా మాట్లాడుతుంటే అది మెల్లగా వచ్చే మతిమరుపు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షను కావచ్చు, షుగరు పడిపోవడం కావచ్చు, తలకు దెబ్బ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మెల్లగా వచ్చిన మరుపును చూపించడానికైతే తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ, అంటే మెదడు, నరాల విభాగం ఉంది, నీకు బెంగుళూరులో నిమ్హాన్స్ దగ్గరే. ఆయన ఒంటరిగా ఉన్నారు గనుక 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైను నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. మాత్రలకు ఏడు రోజుల గదులున్న డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది. నువ్వు వచ్చినప్పుడు నింపిపెట్టు. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, తగాదా లేదు.

ఇక పాతవి ఎందుకు అంత బాగా గుర్తుంటాయన్నది. మెదడులో చెవుల పైన లోపలగా రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అని చిన్న భాగం ఉంది. కొత్త సంగతిని జ్ఞాపకంగా కట్టేది అదే. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి రెండు వైపులా ఆ భాగం చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి గానీ, 2008లో చనిపోయేదాకా అతనికి కొత్త సంగతి దాదాపు ఏదీ నిలవలేదు. ఇందాక వచ్చి పోయిన మనిషి మళ్లీ వస్తే కొత్తగా పలకరించేవాడు. చిన్ననాటివి మాత్రం చెప్పగలిగేవాడు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం అతని చేత మూడు రోజులు చేయించారు. ఎప్పుడూ చేయలేదనే అనేవాడు, కానీ రోజురోజుకూ చెయ్యి బాగా గీసేది. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు.

ఇది నాకు విడమరచి చెప్పక్కర్లేదు. మా పెద్దోడి కారులో వెనక సీట్లో కూర్చుని కొండ దిగుతుంటే ఇప్పటికీ మలుపు రాకముందే నా కుడికాలు కింద తొక్కుతుంది. మా ఆవిడ నవ్వుతుంది. మా అన్నకు చివరి ఏడాది మనవళ్ల పేర్లు ఒక్కటీ గుర్తులేవు. మే నెలలో గంగమ్మ జాతర డప్పులు వీధిలో వినపడగానే లేచి కూర్చుని ఒంటికి తెల్ల సుద్ద పూయమని చేతులు చాచాడు. పదేళ్ల పిల్లోడప్పుడు మా అమ్మ అతనికి బైరాగి వేషం వేసేది. పూశాను. రెండు చేతులకూ, నుదుటికీ. ఆ పూట అన్నం మారాం చేయకుండా తిన్నాడు.

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి ముసలితనంలో మిగతా వాటికన్నా ఎక్కువగా గుర్తుకొస్తాయని పరిశోధకులు ఎన్నో దేశాల్లో గమనించారు. ఆ ఈడులో అన్నీ మొదటిసారే కదా: మొదటి జీతం, మొదటి సైకిలు, మొదటి చావు చూడటం. నేను కొండ దిగింది దాదాపు ఇరవై వేల సార్లు. విడిగా గుర్తున్నవి అయిదారు. మిగతావన్నీ ఒకే ట్రిప్పుగా కలిసిపోయాయి. ఒకేలా ఉన్నదాన్ని మెదడు విడివిడిగా దాచుకోదు. మీ నాన్న రోజూ వేసుకునే బీపీ మాత్ర కూడా అంతే, నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకటైపోతాయి. బాహుదా ఒక్కసారే పొంగింది.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన రాత్రి, అప్పటికి నా దగ్గరే ఉన్న మా అన్న లేచి తలుపు తీసి బయటికి పోబోయాడు. ఎనుములను విప్పాలి, కొట్టంలోకి నీళ్లు వస్తాయని. ఆ ఎనుములు అమ్మేసి నలభై ఏళ్లు దాటింది. మొదట్లో నేను ఇట్లాంటప్పుడు వాదించేవాణ్ణి: "యాడి ఎనుములన్నా, ఈడ ఏమున్నాయి?" అని. వాదిస్తే అతను ఏడ్చేవాడు. ఆ రాత్రి మాత్రం "నేను విప్పినాలే అన్నా, మిట్టమీదికి తోలినా" అన్నాను. "రెండూనా?" అన్నాడు. "రెండూ" అన్నాను. పడుకున్నాడు. ఇది అబద్ధమే కదా అని నువ్వంటే నేను ఒప్పుకుంటాను. జబ్బు ఉన్నవాళ్ల దగ్గర నిజం చెప్పాలనే పంతం మన సుఖం కోసమే. మీ నాన్నకు జబ్బు లేకపోతే ఈ పద్ధతి వాడొద్దు, చిన్నపిల్లాణ్ణి చేసినట్టవుతుంది.

ఇంక వివేకం ఎక్కడ అన్నావు. బెర్లిన్‌లో పాల్ బాల్టెస్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు దీన్నే పనిగా పెట్టుకుని చాలా ఏళ్లు పరిశోధించారు. రకరకాల వయసులవాళ్లను కూర్చోబెట్టి జీవితంలోని చిక్కుముళ్లు ఇచ్చేవారు. ఒకటి ఇట్లాంటిది: పదిహేనేళ్ల పిల్ల ఇప్పుడే పెళ్లి చేసుకుంటానంటోంది, ఏం ఆలోచించాలి? మా వీధి పెద్దమనుషుల్ని అడిగితే ముందు అబ్బాయిది ఏ కులమంటారు, అది వేరే సంగతి. అక్కడ "పదిహేనేళ్లకు పెళ్లేంటి, కుదరదు" అని కొట్టిపారేసినవాళ్లకు తక్కువ మార్కులు. "పెళ్లి మంచిది కాదు గానీ, ఆ పిల్ల పరిస్థితి ఏమిటో, ఎవరూ లేనిదా, ప్రాణం మీదికి వచ్చిన జబ్బేమైనా ఉందా, వాళ్ల ఆచారాలేమిటి" అని అడిగి చూసినవాళ్లకు ఎక్కువ మార్కులు. తేలిందేమంటే, పాతికేళ్ల నుంచి డెబ్బై అయిదేళ్ల దాకా వయసు పెరిగినంత మాత్రాన మార్కులు పెరగలేదు.

మా కోడలు ఇది చెప్పినప్పుడు నాకు నచ్చలేదు. తర్వాత నా ఈడు వాళ్లను కపిలతీర్థం దగ్గర సాయంత్రం బెంచీల మీద వరసగా చూసుకుంటే, నాతో కలిపి, నిజమే అనిపించింది. ఇరవైలో దురుసుగా ఉన్నవాడు డెబ్బైలో కాస్త నెమ్మదిగా దురుసుగా ఉన్నాడు. మోకాళ్ల నొప్పిని ఓర్పు అనుకుంటున్నాం కొందరం. మీ నాన్న దగ్గర వివేకం కనబడటం లేదని బాధపడకు. అది ఆయన బాకీ కాదు.

నాకు వచ్చిందల్లా పుత్తూరులో వచ్చింది, అదీ 66 ఏళ్లకు, అదీ ఇంకొకడు తిట్టినంత పని చేస్తే. నా కథకు ఇంకో సాక్షి బతికి ఉండటం వల్ల వచ్చింది. ఆ కండక్టరుకు మూడు నెలల తర్వాత ఫోన్ చేసి క్షమించమన్నాను. "దానికేముందిలే అన్నా" అని, అవ్వ గురించి అడిగితే ఇంకో ముక్క చెప్పాడు. బస్సు చల్లారేదాకా ఆమె పిట్టగోడ మీద కూర్చుని, భయపడి ఏడుస్తున్న ఎవరి పిల్లకో తన మూటలోని బొరుగులు పెట్టిందట. నన్ను ఒక్క మాట అనలేదట. ఆమె ఊరు ఏదో అతనికీ తెలియదు. ఇప్పుడు నేను ఆ కథ చెప్తే అవ్వతోనే మొదలుపెడతాను. చప్పట్లు తక్కువ.

అందుకని ఒక పని చెప్తాను. "ఇది చెప్పావులే నాన్నా" అనొద్దు. ఆ మాట అన్నప్పుడల్లా ఒక ముసలాయన నోరు ఒక పూట మూతపడుతుంది. అట్లాగని తల ఊపుతూ ఫోన్ చూసుకోవద్దు. అడ్డ ప్రశ్నలు వెయ్యి. కథలో ఆయన ఎప్పుడూ చెప్పని మూలలను అడుగు. కాళ్లకు చెప్పులున్నాయా? తడిసిన పుస్తకాలు ఎక్కడ ఆరబెట్టారు? ఇంటికి పోతే మీ జేజి ఏం పెట్టింది, తిట్టిందా? ఆ రోజు ఎందుకు పోయారు అసలు కాణిపాకం? ఇట్లా అడిగితే పాత దోసె మళ్లీ రాదు, ఆయన కొత్తగా వెతుక్కోవాలి. మా అన్న దగ్గర మొదటి రెండేళ్లు ఇట్లాగే ఎన్నో రాబట్టాను, ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నాను. మూడో ఏడు వచ్చేసరికి అడిగినా లేవు. వీలైతే ఆ చోటికే తీసుకుపో. చిత్తూరు నుంచి కాణిపాకం ఎంత దూరం, ఆటోలో అయినా పోయి రావచ్చు. ఏరు ఎండిపోయి ఇసుక కనిపించినా సరే, గట్టు మీద నిలబడితే కాళ్లకు ఏదో ఒకటి గుర్తొస్తుంది.

నీళ్లు ఎంత లోతున్నాయో అడగొద్దు. అది మారుతూనే ఉంటుంది, దాంట్లో ఏమీ లేదు. ఒకసారి ఉండి ఒకసారి లేకుండా పోతున్న ఆ స్నేహితుణ్ణి అడుగు. ఎవరతను, ఎవరి సైకిలు అది, ఏట్లోకి ముందు దిగింది ఎవరు. బతికే ఉంటే ఏ ఊళ్లో ఉన్నాడు, నంబరు దొరుకుతుందా. దొరికితే ఫోన్ స్పీకరులో పెట్టి ఇద్దర్నీ మాట్లాడనివ్వు, నువ్వు మధ్యలోకి పోవద్దు. పోట్లాడుకుంటే పోట్లాడుకోనీ. బి12, థైరాయిడ్ రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాయి, మా కోడలికి చూపించి అర్థమైనంత చెప్తాను.